మునిరత్నం మామ మీద చెప్పిన మాట

రాజమ్మత్తకు ఫోన్ చేయడం రాదు. ఎవరి చేతనైనా నంబరు నొక్కించుకొని, ఫోన్‌ను నోటి ముందు పెట్టుకొని, చెరువు అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు అరుస్తుంది. ఆ రోజు పొద్దున కూడా అట్లాగే అరిచింది. "సుగుణా, మామ సమాధి మీదనే కొత్త రోడ్డు పోతాదంట మే. ఎర్రరంగు పూసిన రాళ్లు పాతినారు. రేపు మధ్యాన్నం లోపల ఎముకలు ఎత్తుకోకుంటే మిషను పెట్టి తోసేస్తారంట. నాకెవురుండారు, నువ్వన్నా రా." వస్తానని నేను చెప్పేలోపలే అవతల ఫోన్ కట్టయింది. ఫోన్ పట్టుకొని అట్లాగే వంటింట్లో నిలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. మా ఆయన వచ్చి స్టవ్ ఆపి, "ఎవరు పోయినారు?" అని అడిగాడు. పోయి నలభై ఏళ్లయిన మనిషి గురించి ఏమని చెప్పాలో తెలియలేదు.

తిరుపతిలో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని. తెలుగు చెప్పాను. పిల్లలకు అబద్ధమాడకూడదని వేలసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ గొంతులో ఎక్కడో చిన్న ముల్లు తగిలేది. మర్నాడు తెల్లవారి బస్సెక్కి, చంద్రగిరి దాటి, కిటికీ బయట మామిడి తోటలు మొదలయ్యేసరికి ఆ ముల్లు మళ్లీ కదిలింది. మా ఊరు చిత్తూరుకూ కాణిపాకానికీ మధ్యన ఉంటుంది. ఏడాదికొకసారి నాయన తిథికి వెళ్తూనే ఉంటాను. మా వాళ్లలో కాల్చరు, పూడుస్తారు. నాయన సమాధి శ్మశానం పైభాగంలో, మిట్ట మీద ఉంది. మామ సమాధి దిగువన, కాలువ పక్కన. మిట్ట మీద దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దిగువకు చూడకుండా వెనక్కి తిరిగేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ వాలు దిగలేదు.

మునిరత్నం మామ నాకు రక్తసంబంధీకుడు కాదు. మా ఊరి శివాలయంలో ఆయన నాదస్వరం వాయించేవాడు, మా నాయన చెంగల్రాయుడు డోలు వాయించేవాడు. ఇద్దరూ వరస కలుపుకొని బావా, బావా అని పిలుచుకునేవాళ్లు. ఒకే ఏడాది మేళంలో చేరారు, ఒకే పంచల దుకాణంలో పంచలు కొనుక్కున్నారు, ఒకరి ఇంట్లో కూర బాగుంటే రెండో ఇంటికి గిన్నె నడిచి పోయేది. మామకూ రాజమ్మత్తకూ పిల్లలు లేరు. ఆ లోటు వాళ్లింట్లో ఎవరూ ఎత్తని మాట. దాన్ని ఎత్తకుండా ఉండడానికి ఊరంతా జాగ్రత్తపడేది. మామ బుగ్గలు ఊదీ ఊదీ వదులైపోయి, మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఏదో నవ్వు దాచుకున్నట్టు కనిపించేవి. చొక్కా జేబులో గుడ్డసంచి ఉండేది, అందులో నాదస్వరం మూతికి పెట్టే గడ్డిపీకలు. వాటిని ఒక్కొక్కటిగా నోట్లో నానబెట్టి, వెలుతురుకు పెట్టి చూసి, ఒకదాన్ని ఎన్నుకోవడానికి పెండ్లికూతురికి చీర ఎన్నుకున్నంతసేపు పట్టేది ఆయనకు. ఆయన దగ్గరకు పోతే తడిగడ్డి వాసన, తమలపాకు వాసన కలిసి వచ్చేవి.

మా ఇంట్లో వాసన వేరు. డోలు కుడిచేత్తో వాయించేటప్పుడు వేళ్లకు తొడుగులు కావాలి. పాతగుడ్డ పేలికలను మైదా జిగురులో ముంచి వేళ్లకు చుట్టి ఎండబెడితే అవి చెక్కలా గట్టిపడతాయి. పదిరోజులకొకసారి మా అమ్మ ఆ జిగురు కాచేది. పుల్లని, కొంచెం మాడిన ఆ వాసనే మా ఇంటి వాసన. నాయన గుమ్మంలో కూర్చొని అయిదు వేళ్లూ చాపి పెడితే అమ్మ పేలికలు చుట్టేది. ఆరేదాకా ఆయన కదలకూడదు. ముక్కు దురద పెడితే నేను గోకేదాన్ని. ఆ కాసేపే మా నాయన మాకు లొంగి ఉండేది. మిగతా వేళల్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. చెప్పింది రెండోసారి చెప్పడు, అంతే. పొద్దున పూజ మేళం అయ్యాక బస్సెక్కి చిత్తూరు పోయి, డోళ్లకూ మృదంగాలకూ తోలు బిగించే దుకాణంలో పనిచేసి, సాయంత్రం మేళం వేళకు తిరిగొచ్చేవాడు.

మామ నాదస్వరమే మా ఊరికి గడియారం. పొద్దున ఆయన ఎత్తుకుంటే అమ్మ కసువూడ్చేది మొదలుపెట్టేది. ఆయన రాగంలో ఒక మెట్టు పైకెక్కేసరికి ముగ్గు పడాలి. నేను పడుకునే వినేదాన్ని. ఆయన ఒక స్వరం మీద నిలబడితే, దాన్ని వదలకుండా, ఊపకుండా, బిందె నిండేదాకా నీటిధార తెగకుండా పడినట్టు నిలబడేవాడు. ఇంక చాలు, ఊపిరి అయిపోతుంది అని పడకలోనే అనుకునేదాన్ని. నా ఊపిరి నేనే బిగపట్టి చూసేదాన్ని, ఆయన వదలకముందు నేను వదిలేసేదాన్ని. అట్లా రోజూ ఓడిపోతూ ఓడిపోతూ, ఒకరోజు ఆయనతోపాటు నిలిచాను. ఆ రోజే నాకు నాదస్వరం ఊదాలని ఆశ పుట్టింది. అప్పటికి పదకొండేళ్లు.

ఎండాకాలం సెలవుల మొదట్లో, వాళ్ల ఇంటి వెనక మామిడితోపులో పీకలు చెక్కుకుంటున్న మామ దగ్గరకు పోయి నేర్పించమన్నాను. ఆయన నవ్వలేదు. చేతిలోని చాకు పక్కన పెట్టి, "మీ నాయన్ను అడిగి రా తల్లీ. ఆయన సరేనంటే నేను సిద్ధం" అన్నాడు. ఆ సాయంత్రం నాయన్ను అడిగాను. "ఆడపిల్ల పదిమంది ముందర బుగ్గలుబ్బిచ్చి ఊదతాదా? వద్దు" అన్నాడు. ముందే చెప్పాను, ఆయన రెండోసారి చెప్పడు. మర్నాడు తోపుకు పోయి, "నాయన సరేనన్నాడు మామా. బాగా నేర్చుకున్నాక ఒకేసారి వింటాడంట. అంతదాకా ఆయన కాడ ఆ మాట ఎత్తద్దన్నాడు" అన్నాను. ఇంత నేర్పుగా అబద్ధం ఎట్లా అల్లానో ఈనాటికీ నాకు అర్థం కాదు. మామ ముఖం వెలిగిపోయింది. "బావ అట్లన్నాడా? అట్లే అంటాడులే ఆ మనిషి" అని లేచి, ఇంట్లోకి పోయి, తాను చిన్నప్పుడు సాధన చేసిన పొట్టి నాదస్వరం గుడ్డతో తుడుస్తూ తెచ్చాడు.

నలభై రోజులు నేర్చుకున్నాను. పది గంటలకు నాయన బస్సెక్కగానే తోపుకు పరుగు. రాజమ్మత్త ఆ రోజుల్లో వాళ్లమ్మకు జబ్బు చేసి సత్యవేడులో ఉండింది. మొదటి వారం పీకలో గాలి తప్ప ఏమీ రాలేదు. పెదవులు వాచిపోయాయి. అమ్మ చూసి, "ఏమే, తేనెటీగ కుట్టిందా?" అంది. అన్నది గానీ, ఆమె కళ్లు నా మొహం మీద నుంచి దిగలేదు. తోపు నుంచి వచ్చే చప్పుడు ఊరంతా వినపడుతుంది. ఆమెకు వినపడకుండా ఉంటుందా? ఏమీ అడగలేదు. మధ్యాహ్నం అన్నంలో నెయ్యి కొంచెం ఎక్కువ వేసేది. ఊళ్లోవాళ్లు, ఇంత బాహాటంగా జరిగేది చెంగల్రాయుడికి తెలియకుండా ఎందుకుంటుందనుకున్నారు. మామ కూడా అట్లాగే అనుకున్నాడు. నాయన ఒక్కడికే తెలియదు. సాయంత్రం గుళ్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడి వాయిస్తుంటే, మామ ఎక్కడ సంతోషం పట్టలేక నోరు జారుతాడో అని నేను స్తంభం పక్కన చెమటలు కక్కుతూ నిలబడేదాన్ని. ఒకరోజు ఆయన నాయన భుజం తట్టి, "బావా, నువ్వు అదృష్టవంతుడివి" అన్నాడు. "ఎందుకు?" అన్నాడు నాయన. మామ నా వైపు చూసి కన్ను గీటి, "ఊరకే అన్నాలే" అన్నాడు. ఆ రోజు నేను గుళ్లో పెట్టిన ప్రసాదం మింగలేకపోయాను.

ఆ నలభై రోజుల్లో మామ నన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు. తప్పు ఊదితే తన తొడ మీద తాళం ఆపేసేవాడు. ఆ నిశ్శబ్దంలో నా తప్పు నాకే వినిపించేది. "ఊపిరి రొమ్ములో నుంచి కాదు తల్లీ, కడుపులో నుంచి తియ్యల్ల. ఆకలైనప్పుడు యాడ తెలస్తాదో, ఆడ నుంచి" అనేవాడు. చివరికి మోహన రాగంలో ఒక చిన్న పలుకు ఎక్కడా తెగకుండా ఊదగలిగాను. ఆ రోజు ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. నాకు కూడా ఎంత గర్వమో, ఇంక నాయనకు నిజం చెప్పేద్దాం, విన్నాడంటే కాదనడు, అనుకున్నాను. ఆ ధైర్యం రేపటికి వాయిదా వేశాను.

మర్నాడు నాయన చిత్తూరు నుంచి మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాడు. బస్సు దిగిన చోట టీ కొట్టు ముసలాయన, "ఏమప్పా సెంగల్రాయుడూ, నీ కూతురు బాగా ఊదతా ఉండాదే. ఎప్పుడు కచేరి?" అని అడిగాడట. నాయన ఇంటికి పోలేదు. భుజాన సంచితో తిన్నగా తోపుకే వచ్చాడు. నేను కళ్లు మూసుకొని ఊదుతున్నాను. తొడ మీద తాళం ఆగిపోయింది. నేనేం తప్పు ఊదానని కళ్లు తెరిచేసరికి ఎదురుగా నాయన.

మామ నవ్వుతూ లేచాడు. "రా బావా, రా. నువ్వే ఒకపొద్దు వస్తావనుకుంటా ఉండా. పిల్ల దమ్ము సూసినావా?"

"ఎవుర్ని అడిగి నేర్పించినావు?" అన్నాడు నాయన.

మామ నవ్వు సగంలో ఆగింది. నా వైపు చూశాడు. నా మొహంలో ఏమి కనిపించిందో, ఆయనకు అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. నాయన కూడా నా వైపు తిరిగాడు. "నువ్వు పోయి అడిగినావా, ఆయన పిలిచినాడా? నిజం సెప్పు."

 నా చేతిలోని నాదస్వరం కొస కాలి గజ్జెకు తగిలి టకటకమంటోంది. నాకు ఆ చప్పుడొక్కటే వినిపిస్తోంది. "మామే రమ్మన్నాడు" అన్నాను.

మామ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నాకు అయిపోలేదు. ఒక్క మాట చాలు ఆయనకు, నిజం బయటపడిపోయేది. ఆయన నా చేతిలోని నాదస్వరం మెల్లగా తీసుకొని, "అవును బావా. నేనే రమ్మన్నా. పిల్లది తప్పేం లేదు" అన్నాడు.

నాయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నీకు బిడ్డల్లేకపోతే నా బిడ్డను దొంగిలిస్తావా?" అన్నాడు. ఊరంతా ఏళ్ల తరబడి జాగ్రత్తగా దాటేసిన మాట అది. ముందురోజే సత్యవేడు నుంచి వచ్చిన రాజమ్మత్త మా ఇద్దరికోసం చెంబుతో మజ్జిగ తెస్తూ, తోపు మొదట్లోనే నిలబడిపోయింది. చెంబు చేతిలోనే ఉంది. మజ్జిగ మాత్రం అంచు మీదుగా ఆమె కాళ్ల మీదికి కారుతోంది.  నాయన నా మణికట్టు పట్టుకొని ఇంటికి నడిచాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. అయినా పొద్దునా సాయంత్రం గుళ్లో పక్కపక్కనే నిలబడి వాయించారు. పెండ్లిళ్లకు, ఊరేగింపులకు ఒకే బస్సులో ముందొకరు వెనకొకరు కూర్చొని పోయారు. నాయన గోడవైపు చూస్తూ, "రేపు మేళం నాలుగ్గంటలకే అని సెప్పు" అనేవాడు. నేను పోయి చెప్పేదాన్ని. ఆ పని నాకే ఎందుకు పడిందో తెలియదు. రాజమ్మత్త తలుపు దగ్గర నన్ను చూసి లోపలికి పోయేది. మామ మాత్రం ఎప్పటి గొంతుతోనే "సరే తల్లీ" అనేవాడు. ఆ గొంతులో తేడా ఉందేమోనని ప్రతిసారీ వెతికేదాన్ని. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ ఏళ్లలో వాళ్ల మేళం అంతకుముందుకంటే గొప్పగా ఉందని జనం అనేవాళ్లు. అది పోట్లాట అని నాకు తెలుసు. మామ ఒక పలుకును అర తాళం ముందే తెంచేవాడు, నాయన పట్టుకోగలడా అని. నాయన పట్టుకొని, దాన్ని రెట్టింపు చేసి ఆయన ముందు పడేసేవాడు. జనం తలలూపేవాళ్లు.  వాళ్లిద్దరి మధ్యా మాట లేదు గనుక ఆ తగువు తీరే దారి లేదు. ఇంట్లో కూడా అంతే. అమ్మ గిన్నె పంపడం మానేసింది. సాయంత్రాలు ఇంట్లో ఎవరైనా మామ పేరు ఎత్తబోతే ముందు నాయన ముఖం చూసి, మాట మార్చేసేవాళ్లు.

అట్లా పదో ఏట, తిరుచానూరులో నాతో చదివిన పిల్ల పెండ్లి. మేళం వీళ్లదే. పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. మామకు అప్పటికే దగ్గు పట్టుకుంది. నాదస్వరం దించి అటు తిరిగి దగ్గి, మళ్లీ ఎత్తుకుంటున్నాడు. పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం" అని అరిచాడు. తాళి కట్టే క్షణం అది. ఆ క్షణంలో మేళం ఆగితే అంతకంటే అపశకునం లేదు. మామ నాదస్వరం పెదాలకు పెట్టాడు. ఊపిరి రాలేదు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి, పీకలో నుంచి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఆడపెండ్లివాళ్ల వరసలో నిలబడి ఆ బుగ్గలు చూస్తున్నాను. నా సొంత ఊపిరి ఆగిపోయింది. అప్పుడు మా నాయన ఒక్క అడుగు ముందుకు వేసి, మామకు అడ్డంగా నిలబడి, డోలును రెండు చేతులా ఉరిమించాడు. మంటపం రేకులు అదిరాయి. తాళి పడింది, అక్షింతలు పడ్డాయి, నాదస్వరం లేదని ఎవరికీ తెలియలేదు. నాయన వెనకాల మామ స్తంభానికి ఆనుకొని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఆయన నిలదొక్కుకునేదాకా నాయన ఆపలేదు. వేళ్ల తొడుగుల్లో ఒకటి పగిలి చూపుడువేలు నుంచి నెత్తురు కారి డోలు తోలు మీద మరకలు పడ్డాయి. అయిపోయాక నాయన ఒక లోటాతో నీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా, మామ పక్కన కింద పెట్టి పోయాడు. మామ తీసుకొని తాగాడు.

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. పోయి ఆ లోటా పక్కన నిలబడి, నాయనా, ఆ రోజు అబద్ధమాడింది నేను అంటే చాలు. నాలుగు అడుగులు కూడా వేశాను. అప్పటికే నాకు తిరుపతి సంబంధం ఖాయమై ఉంది. నన్ను చేసుకోబోయేవాళ్ల బంధువులు కొందరు ఆ పెండ్లికి వచ్చి ఉన్నారు. ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచారు. వెనక్కి తిరిగి వాళ్లతో నవ్వుతూ మాట్లాడాను.

మామ పోయాడని కబురొచ్చేసరికి నేను తిరుపతిలో ఏడోనెల గర్భంతో ఉన్నాను. కడుపుతో ఉన్నదానివి పోకూడదని మా అత్త అడ్డం నిలబడింది. పోకుండా ఉండడానికి కారణం దొరికినందుకు లోపల ఎక్కడో ఊరట కలిగింది. అది కూడా ఇక్కడ రాయాలి. అమ్మ తర్వాత చెప్పింది. పాడె ముందు నాయన ఒక్కడే డోలు వాయిస్తూ నడిచాడట. వేరే నాదస్వరం వాళ్లను పిలుస్తామంటే వద్దన్నాడట. వాయిస్తూ వాయిస్తూ, నాదస్వరం ఎత్తుకోవాల్సిన చోటల్లా చేతులు ఆపి, అది ఎంతసేపు పలకాలో అంతసేపూ ఊరికే నడిచి, మళ్లీ వాయించేవాడట. ఆ తర్వాత నాయన డోలు ముట్టుకోలేదు. ఇంకా పాతికేళ్లు బతికాడు. ఒకసారి ధైర్యం చేసి, "నాయనా, ఆ మామిడితోపులో..." అని మొదలుపెట్టాను. "ఆ మాట ఎత్తద్దు" అని లేచి పోయాడు. నేను పట్టుబట్టలేదు.

ఇదంతా తలచుకుంటూ ఆటో దిగేసరికి ఎండ నడినెత్తికొస్తోంది. తోపు ఉన్నచోట ఇప్పుడు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల లారీలు నిలబడతాయి. గుళ్లో పూజవేళకు గోడకు బిగించిన కరెంటు మిషను గంటా డోలూ తనే కొట్టుకుంటుంది. ఆడపిల్లలు నాదస్వరం వాయిస్తున్న వీడియోలు ఇప్పుడు నా ఫోన్‌లోనే వస్తాయి. చుడీదార్లు వేసుకొని, బుగ్గలుబ్బించి, ఎదురుగా తల్లిదండ్రులు చప్పట్లు కొడుతుంటే వాయిస్తారు. మా కాలంలోనూ ఇట్లా ఉండి ఉంటే అని మొదట్లో అనుకునేదాన్ని. కాలం మీదకు నెట్టేస్తే నాకు సుఖమే. కానీ నాయన వద్దనడం కాలం చేసిన పని, ఆ తర్వాతది నేను చేసిన పని.

శ్మశానం దిగువన నలుగురు మనుషులు పారలతో సిద్ధంగా ఉన్నారు. గొడుగు పట్టుకొని రోడ్డు ఆఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి ఒకతను మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. అవతల పసుపుపచ్చ మిషను ఇంజను ఆపకుండా గురగురమంటోంది. మామ సమాధి సున్నం రాలిపోయి, ఇటుకలు బయటపడి, పక్కనే ఎర్రరాయి. కంచె దగ్గర కొత్త గుంత అప్పటికే తవ్వి పెట్టారు. ఎనభై ఏళ్లు ఎప్పుడో దాటిన రాజమ్మత్త కర్ర పట్టుకొని ఇటుకల మీద కూర్చొని ఉంది. నన్ను చూసి తల ఊపింది. టెంకాయ కొట్టి తవ్వడం మొదలుపెట్టారు.

"మెల్లగా అబ్బా, మెల్లగా. దెబ్బ తగలనీయద్దు" అంటోంది ఆమె. ఉన్నట్టుండి, నాతోనో తనతోనో, "మనిషి బంగారం. ఒక్కటే తప్పు సేసినాడు. అడక్కుండా నిన్ను పిలిచినాడు. ఆ ఒక్కదానికి ఆయన సచ్చేదాకా సాధించినాను నేను" అంది.

 మామ ఈమెకు చెప్పి ఉంటాడనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆమె నా మొహం చూడగానే లోపలికి పోవడం అందుకేననుకున్నాను. ఆమెకు తెలియదు. ఇప్పుడు కూడా ఊరకుంటే ఎప్పటికీ తెలియదు. పార మట్టిలో దిగిన చప్పుడు, ఇంజను చప్పుడు. "అత్తా, మామ పిలవలేదు. నేనే పోయి అడిగినా. నాయన ఒప్పుకున్నాడని మామతో అబద్ధం సెప్పినా. నాయన అడిగితే మామ మీద సెప్పినా" అన్నాను. బడిలో ఎంత చక్కగా మాట్లాడినా, ఆ మాటలు నాకు చిన్నప్పటి యాసలోనే వచ్చాయి.

"మళ్లా సెప్పు" అంది రాజమ్మత్త.

మళ్లీ చెప్పాను. ఆమె కర్ర రెండుచేతులా పట్టుకొని నా వైపే చూస్తోంది. "అన్నం పెట్టేటప్పుడు కూడా అనేదాన్ని మే. పరాయి పిల్ల నీకెందుకు, నీ వల్లనే కదా నన్ను గొడ్రాలన్నట్లు అన్నాడా మనిషి అని. తల దించుకొని తినేవాడు. ఒక్కపొద్దన్నా నోరు తెరవలేదే." ఆమె గొంతు పైకి లేచింది. పారలు ఆగాయి. "ఇప్పుడు సెప్తావా? ఆయన ఉండంగా సెప్పలేదు. మీ నాయన ఉండంగా సెప్పలేదు. ఎముకలు తవ్వేటప్పుడు సెప్తావా నాకు?"

  ఆమె ముఖం తిప్పుకుంది. అప్పుడే తవ్వేవాళ్లలో పెద్దవాడు గుంతలో నుంచి తలెత్తి, "అవ్వా, కనపడతా ఉండాయి" అన్నాడు. తెల్లగుడ్డ పరిచారు. అందుకోవడానికి ఆమె లేవబోయింది, మోకాళ్లు లేవనివ్వలేదు. రెండుసార్లు ప్రయత్నించి, నా వైపు చూడకుండానే, "పట్టు" అంది. నేను మోకాళ్ల మీద కూర్చొని గుడ్డ చాపాను. మట్టి అంటిన ఎముకలు ఒక్కొక్కటే చేతికొచ్చాయి. ఎంత తక్కువ, ఎంత తేలిక. మూట కట్టి ఎత్తుకున్నాను.

మనుషులు కంచె దగ్గరి గుంత వైపు నడవబోతే ఆమె కర్ర అడ్డం పెట్టింది. "ఆడ కాదు. పైన, సెంగల్రాయుడి పక్కన."

"గుంత తవ్వేసినాము కదవ్వా" అన్నాడు పెద్దవాడు.

"టైం లేదమ్మా, మిషను వాళ్లు ఆగరు" అన్నాడు ఉద్యోగి.

"ఊర్లూ సేన్లూ దాటించి ఇంత రోడ్డేస్తా ఉండారు, ఒక గుంతకు టైం లేదా నాయనా?" అంది ఆమె. అతను గొడుగు ఈ చేతిలో నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

పెద్దవాడు గొంతు తగ్గించి, "వాళ్లిద్దరికీ మాటల్లేవు కదవ్వా. ఊరంతా తెలిసిందే" అన్నాడు.

"మాటలు పోయింది ఈయమ్మ వల్ల. వాళ్ల వల్ల కాదు" అంది రాజమ్మత్త. నలుగురూ నా వైపు చూశారు. నేను తల దించుకోలేదు. ఆమె కర్ర ఊనుకొని, ఒకడి భుజం పట్టుకొని, వాలు ఎక్కడం మొదలుపెట్టింది. మూటతో నేను వెనక నడిచాను. పైన నాయన సమాధి దగ్గర ఆమె ఆగి, అటూ ఇటూ చూసి, కర్రతో నేల మీద గీత గీసింది. "ఈ పక్క తవ్వండి. మేళానికి నిలబడితే ఆయన ఎప్పుడూ సెంగల్రాయుడికి కుడిపక్కనే."

అక్కడి నేల గట్టిది, రాయి ఎక్కువ. రెండో గుంత తవ్వేసరికి మనుషులు అలిసిపోయి, చెమట తుడుచుకుంటూ మాటిమాటికీ ఆగుతున్నారు. మట్టి ఎత్తిపోయడానికి మనిషి చాలడం లేదు. నేను మూటను రాజమ్మత్త ఒళ్లో పెట్టాను. ఆమె మూటను రెండు చేతులా దగ్గరకు తీసుకుంది. నేను చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకొని, గుంత పక్కనున్న గంప ఎత్తుకున్నాను.